కౌంటర్లు నాలుగు, అడిగేవాళ్లు పదిమంది: కెర్నెల్‌లో పెర్ఫార్మెన్స్ కౌంటర్ల పంపకం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పెర్ఫ్ (లైనక్స్‌లో ప్రోగ్రాంల పనితీరు కొలిచే టూల్) వాడేవాళ్లు ఎవరైనా ఒకరోజు కాకపోతే ఇంకోరోజు ఈ గోతిలో పడతారు. అదే ప్రోగ్రాం, అదే మెషీన్, రెండుసార్లు నడిపితే రెండు రకాల అంకెలు వస్తాయి. వెంటనే కోడ్‌ని అనుమానిస్తాం, కంపైలర్‌ని అనుమానిస్తాం, చివరికి చిప్‌ని కూడా అనుమానిస్తాం, కానీ మన కౌంటర్‌ని ఇంకెవరైనా వాడుకుంటున్నారేమో అన్న ఆలోచన మాత్రం రాదు. ఇవే ప్రశ్నలకి విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎక్కువగా లైనక్స్ గురించి, అందులోనూ ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌ల రకం) గురించి.

అసలు ఈ కౌంటర్లు ఎన్ని ఉంటాయి?

చాలా తక్కువ. అసలు గొడవంతా అందుకే. ప్రతి కోర్‌లో పీఎమ్‌యూ అనే చిన్న భాగం ఉంటుంది, అందులో కొన్ని రిజిస్టర్లు ఉంటాయి, ఫలానా ఈవెంట్ జరిగినప్పుడల్లా ఒకటి పెంచు అని చెబితే పెంచుకుంటూ పోతాయి. 1993లో వచ్చిన పెంటియంలో ఇవి రెండే. శాండీబ్రిడ్జ్ నుంచి స్కైలేక్ దాకా ఇంటెల్ చిప్‌లలో హైపర్ త్రెడింగ్ (ఒకే కోర్ మీద రెండు త్రెడ్లు నడపడం) ఆన్‌లో ఉంటే ఒక్కో త్రెడ్‌కి నాలుగు మామూలు కౌంటర్లు, ఆఫ్ చేస్తే ఎనిమిది. వీటికి తోడు మూడు ఫిక్స్‌డ్ కౌంటర్లు ఉంటాయి, అవి ఇన్‌స్ట్రక్షన్లు, కోర్ సైకిళ్లు, రిఫరెన్స్ సైకిళ్లు తప్ప ఇంకేం లెక్కపెట్టలేవు. ఐస్‌లేక్‌తో మామూలువి ఎనిమిదయ్యాయి, ఫిక్స్‌డ్‌వి నాలుగయ్యాయి. ఏఎమ్‌డీ జెన్‌లో ఆరు. రాస్ప్‌బెర్రీ పై 4లో ఉండే కార్టెక్స్ ఏ72లో ఆరు, సైకిళ్లకి విడిగా ఇంకొకటి.

లెక్కపెట్టగలిగే ఈవెంట్లు మాత్రం వందల్లో ఉంటాయి. వీధికి ఒక్క కుళాయి ఉండి ఇంటికి నాలుగు బిందెలు ఉంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

నా మెషీన్‌లో నేనొక్కడినే ఉన్నాను కదా, పోటీ ఎవరు?

మీరొక్కరే అనుకుంటున్నారు, అంతే. లైనక్స్ బూట్ అవ్వగానే చాలా డిస్ట్రోలలో ఎన్‌ఎమ్‌ఐ వాచ్‌డాగ్ (సీపీయూ బిగుసుకుపోతే పట్టుకునే కాపలా కోడ్) ప్రతి సీపీయూ మీద ఒక సైకిల్ కౌంటర్ తీసేసుకుంటుంది. సర్వర్ అయితే ఏదో ఒక మానిటరింగ్ ఏజెంట్ వెనకాల నడుస్తూ ఉంటుంది, దానికి రెండో మూడో కావాలి. వర్చువల్ మెషీన్లు నడుస్తుంటే వాటి లోపల పెర్ఫ్ వాడేవాళ్లు కూడా హోస్ట్ కౌంటర్లే తింటారు. ఇవి కాక కొన్ని పాత సర్వర్లలో బయాస్ కూడా పవర్ మేనేజ్‌మెంట్ కోసం ఒక కౌంటర్‌ని చెప్పాపెట్టకుండా వాడుకుంటుంది. అలాంటప్పుడు బూట్ లాగ్‌లో ‘బయాస్ హార్డ్‌వేర్ పీఎమ్‌యూ వనరుల్ని పాడుచేసింది, మీ హార్డ్‌వేర్ అమ్మినవాళ్లకి ఫిర్యాదు చేయండి’ అనే అర్థంలో ఒక ఘాటైన మెసేజ్ కనిపిస్తుంది. కెర్నెల్ రాసినవాళ్లు దీన్ని ఎంత కోపంగా రాశారో చదివితేనే తెలుస్తుంది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. 2019లో స్కైలేక్ తరం చిప్‌లకి టీఎస్‌ఎక్స్ (మెమరీ మార్పుల్ని ఒక ట్రాన్సాక్షన్‌గా చేసే ఇంటెల్ సౌకర్యం) సమస్యకి మందుగా ఒక మైక్రోకోడ్ (చిప్ లోపలి కోడ్) అప్‌డేట్ వచ్చింది. ఆ మైక్రోకోడ్ తన పనికి మూడో నంబర్ కౌంటర్‌ని వాడుకుంటుంది. సున్నా నుంచి లెక్క కాబట్టి నాలుగింటిలో ఆఖరిది అన్నమాట. మీకు నాలుగూ కావాలంటే టీఎస్‌ఎక్స్ ట్రాన్సాక్షన్లన్నీ అబార్ట్ అయిపోతాయి, ట్రాన్సాక్షన్లు కావాలంటే మూడు కౌంటర్లతో సరిపెట్టుకోవాలి. ఏది కావాలో తేల్చుకోవడానికి, కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒక స్విచ్ పెట్టారు. అంటే చిప్ కూడా మన క్యూలో నిలబడే మనిషే.

ఈవెంట్లు లెక్కపెట్టి చూపించే పెర్ఫ్ స్టాట్ కమాండ్‌లో ప్రతి లైను చివర బ్రాకెట్లో ఒక శాతం కనిపిస్తుంది, అదేంటి?

నా లెక్కలో పెర్ఫ్ చూపించే అన్ని అంకెల్లోనూ ముఖ్యమైనది అదే, అందరూ వదిలేసేదీ అదే.

కౌంటర్ల కంటే ఈవెంట్లు ఎక్కువైతే కెర్నెల్ వంతులు వేస్తుంది. కొంతసేపు ఈ నాలుగు, తర్వాత ఆ నాలుగు. కాలవ నీళ్లకి వంతులు వేసినట్టే, కాకపోతే ఇక్కడ వంతు కొన్ని మిల్లీసెకన్లే. ఎక్స్86లో మామూలుగా ఒక టైమర్ టిక్ అంత, అంటే కెర్నెల్‌ని 250 హెర్ట్జ్‌తో బిల్డ్ చేస్తే 4 మిల్లీసెకన్లు, 1000 హెర్ట్జ్ అయితే 1 మిల్లీసెకను. సిస్‌ఎఫ్‌ఎస్‌లో సీపీయూ పీఎమ్‌యూ కింద మక్స్ ఇంటర్వల్ అనే ఫైల్ ఉంటుంది, అందులో రాసి దీన్ని మార్చుకోవచ్చు.

ప్రతి ఈవెంట్‌కీ కెర్నెల్ రెండు సమయాలు రాసుకుంటుంది. ఒకటి ఈవెంట్ ఆన్‌లో ఉన్న మొత్తం సమయం, రెండోది నిజంగా కౌంటర్ మీద కూర్చున్న సమయం. బ్రాకెట్లో ఉన్న శాతం రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది. ఇప్పుడు అసలు తిరకాసు. పెర్ఫ్ మీకు చూపించే అంకె లెక్కపెట్టింది కాదు, పెంచి చూపించింది. ఉదాహరణకి 1 సెకను పాటు అడిగారు, వంతు దొరికింది 250 మిల్లీసెకన్లు, ఆ కాస్తలో కౌంటర్ లెక్కపెట్టింది 30 లక్షలు అనుకోండి. పెర్ఫ్ దాన్ని నాలుగుతో గుణించి 1 కోటి 20 లక్షలు అని చూపిస్తుంది, పక్కన 25 శాతం అని రాస్తుంది. ఆ 1 కోటి 20 లక్షల్లో 90 లక్షలు ఎవరూ చూడలేదు, అంచనా మాత్రమే. శాతం ఏమీ కనిపించకపోతే పూర్తిగా లెక్కపెట్టిందని అర్థం.

అయితే ఆ అంచనాని నమ్మొచ్చా?

ప్రోగ్రాం చాలాసేపు ఒకే తీరుగా నడిచేదైతే నమ్మొచ్చు. పది నిమిషాలు ఒకే లూప్ తిరిగే లెక్కల ప్రోగ్రాం అయితే 25 శాతం కూడా బాగానే పనిచేస్తుంది. దశలు దశలుగా నడిచేదైతే మాత్రం ఇబ్బంది. మొదట ఫైల్ చదివి, తర్వాత పార్స్ చేసి, తర్వాత సార్ట్ చేసే ప్రోగ్రాంలో మీ ఈవెంట్ వంతు ఏ దశలో పడిందో దాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఇక 10 మిల్లీసెకన్లలో అయిపోయే ప్రోగ్రాంకి 4 మిల్లీసెకన్ల వంతులు వేస్తే మొత్తం రెండో మూడో వంతులే వస్తాయి, కొన్ని ఈవెంట్లకి అసలు వంతే రాదు. అలాంటి చిన్న పనికి పది ఈవెంట్లు ఒకేసారి అడగడం కంటే మూడేసి చొప్పున నాలుగుసార్లు నడపడం మంచిది. టైమ్ ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

నేను పెట్టుకున్న మోటు నియమం ఒకటి ఉంది, 80 శాతం కంటే తక్కువ కనిపిస్తే ఆ అంకెతో ఎవరితోనూ వాదనకి దిగను. దీని వెనక సిద్ధాంతం ఏమీ లేదు, దెబ్బలు తిని నేర్చుకున్నదే.

నిష్పత్తులు వింతగా వస్తున్నాయి. మిస్సులు రిఫరెన్సుల కంటే ఎక్కువ ఎలా అవుతాయి?

అవ్వవు. మీరు రెండింటినీ వేర్వేరు వంతుల్లో కొలిచారు, అంతే. క్యాష్ రిఫరెన్సులు (క్యాష్‌లో వెతికిన సార్లు) ప్రశాంతంగా ఉన్న 4 మిల్లీసెకన్లలో లెక్కపెట్టి, క్యాష్ మిస్సులు (వెతికినా దొరకని సార్లు) గందరగోళంగా ఉన్న ఇంకో 4 మిల్లీసెకన్లలో లెక్కపెట్టి, రెండింటినీ పెంచి భాగిస్తే 100 శాతం దాటినా ఆశ్చర్యం లేదు.

దీనికి మందు గ్రూప్. ఈవెంట్లని మీసాల బ్రాకెట్లో కలిపి రాస్తే కెర్నెల్ వాటిని కలిపే ఎక్కిస్తుంది, కలిపే దింపుతుంది, చోటు చాలకపోతే ఒక్కదాన్ని కూడా ఎక్కించదు. భాగించబోయే రెండు అంకెలు ఎప్పుడూ ఒకే గ్రూప్‌లో ఉండాలి. అయితే ఇందులోనూ ఒక ఇరుకు ఉంది. గ్రూప్ పెద్దదయ్యేకొద్దీ దానికి చోటు దొరకడం కష్టం, నలుగురు కలిసి ఒకే సీట్ల వరసలో కూర్చుంటాం అంటే బస్సులో ఏమవుతుందో అదే. అందుకే పెర్ఫ్‌లో బలహీన గ్రూప్ అనే మాట కూడా ఉంది, కోలన్ పెట్టి పెద్ద డబ్ల్యూ రాస్తే, గ్రూప్‌గా తెరవడం కుదరకపోతే విడగొట్టి అయినా ఎక్కించమని.

ఒక సంగతి. ఇన్‌స్ట్రక్షన్లు, సైకిళ్లు మాత్రమే అడిగితే ఇంటెల్‌లో మామూలుగా ఈ సమస్య రాదు, రెండూ ఫిక్స్‌డ్ కౌంటర్ల మీదకి పోతాయి. అందుకే చాలామందికి ఐపీసీ (సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు అనే లెక్క) సరిగ్గా వచ్చి క్యాష్ అంకెలు మాత్రం పిచ్చిగా వస్తాయి.

‘నాట్ కౌంటెడ్’, ‘నాట్ సపోర్టెడ్’ రెండూ ఒకటేనా?

కాదు. సపోర్ట్ లేదంటే ఆ మెషీన్‌లో ఆ ఈవెంట్‌ని తెరవడమే కుదరలేదు, క్లౌడ్ వర్చువల్ మెషీన్లలో ఇది రోజూ కనిపించేదే. కౌంట్ చేయలేదంటే ఈవెంట్ తెరుచుకుంది కానీ ఒక్కసారి కూడా కౌంటర్ ఎక్కలేదు. సున్నా అని కాదు, తెలియదు అని. ఈ తేడా తెలియక నాట్ కౌంటెడ్‌ని స్క్రిప్ట్‌లో సున్నాగా మార్చి గ్రాఫ్ గీసినవాళ్లని చూశాను. గ్రాఫ్ చాలా అందంగా వచ్చింది.

నా గ్రూప్ ఎర్రర్ లేకుండా తెరుచుకుంటోంది, కానీ ఎప్పుడు చూసినా నాట్ కౌంటెడ్. ఎందుకు?

ఇది బాగా అడిగిన ప్రశ్న. గ్రూప్ తెరిచేటప్పుడు కెర్నెల్ ఒక ఉత్తుత్తి పరీక్ష చేస్తుంది, ఖాళీ పీఎమ్‌యూ అనుకుని దాని మీద ఈ గ్రూప్ పడుతుందా లేదా అని చూస్తుంది. ఇప్పుడు నిజంగా ఎవరు ఏ కౌంటర్ మీద ఉన్నారో ఆ పరీక్షకి పట్టదు. మీ గ్రూప్‌లో సైకిళ్లు, వాటితో పాటు నాలుగు మామూలు ఈవెంట్లు ఉన్నాయనుకోండి. ఖాళీ మెషీన్‌లో సైకిళ్లు ఫిక్స్‌డ్ కౌంటర్‌లో, మిగతా నాలుగూ మామూలు కౌంటర్లలో కూర్చుంటాయి, పరీక్ష పాస్. కానీ ఆ ఫిక్స్‌డ్ సైకిల్ కౌంటర్‌లో బూట్ అయినప్పటినుంచీ వాచ్‌డాగ్ కూర్చుని ఉంది. దాంతో మీ సైకిళ్లు కూడా మామూలు కౌంటర్ అడుగుతాయి, నాలుగు కుర్చీలకి ఐదుగురు. గ్రూప్ అంటే అందరూ లేదా ఎవరూ కాదు కాబట్టి ఎప్పటికీ ఎక్కదు. పెర్ఫ్ కింద ‘ఎన్‌ఎమ్‌ఐ వాచ్‌డాగ్ ఆపి చూడండి’ అని సలహా ఇచ్చేది ఇందుకే.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అన్ని ఈవెంట్లూ అన్ని కౌంటర్ల మీదా కూర్చోలేవు. హాస్వెల్‌లో ఎల్1 డేటా మిస్సుల పెండింగ్ ఈవెంట్ రెండో నంబర్ కౌంటర్ మీద మాత్రమే పనిచేస్తుంది. అలాంటివి రెండు కావాలంటే మిగతా మూడు ఖాళీగా ఉన్నా లాభం లేదు. కెర్నెల్ ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ప్రతిసారీ చిన్న పజిల్ విప్పుతూ ఉంటుంది.

వాచ్‌డాగ్ ఆపేస్తే ప్రమాదమా?

మీ ల్యాప్‌టాప్ అయితే ఏమీ కాదు. ప్రాక్‌లో సిస్ కింద కెర్నెల్ డైరెక్టరీలో ఎన్‌ఎమ్‌ఐ వాచ్‌డాగ్ అనే ఫైల్‌లో 0 రాయండి, కొలిచాక 1 రాసి వదిలేయండి. అది చేసే పని, ఒక సీపీయూ ఇంటరప్టులు కూడా తీసుకోకుండా బిగుసుకుపోతే పట్టుకోవడం, మామూలు హద్దు 10 సెకన్లు. ప్రొడక్షన్ సర్వర్‌లో దాన్ని ఎప్పటికీ ఆపేసి ఉంచితే, ఒకరోజు మెషీన్ బిగుసుకుపోయి ఎందుకో తెలియక రాత్రంతా కూర్చోవాల్సి వస్తుంది. కొత్త కెర్నెల్స్‌లో ఇంకో దారి వచ్చింది, కౌంటర్ అక్కర్లేకుండా ఒక సీపీయూ తన పక్క సీపీయూ బతికే ఉందా అని చూసే బడ్డీ పద్ధతి, ఇది 6.5లో చేరింది. కౌంటర్ తినదు కాబట్టి నాకిదే నచ్చుతుంది.

ఎవరికి ముందు, ఎవరికి తర్వాత? కెర్నెల్ వరస ఏంటి?

నాలుగు మెట్లు. మొదట సీపీయూకి కట్టేసిన పిన్డ్ ఈవెంట్లు, తర్వాత టాస్క్‌కి (ఒక ప్రాసెస్‌కి లేదా త్రెడ్‌కి) కట్టేసిన పిన్డ్ ఈవెంట్లు, తర్వాత సీపీయూ మీది మామూలు ఈవెంట్లు, ఆఖరున టాస్క్ మీది మామూలు ఈవెంట్లు. పిన్డ్ అంటే ఎప్పుడూ కౌంటర్ మీదే ఉండాలి, వంతులు ఒప్పుకోను అని.

ఇప్పుడు మీరు మామూలుగా ఏం చేస్తారో చూసుకోండి. పెర్ఫ్ స్టాట్ తర్వాత మీ ప్రోగ్రాం పేరు రాస్తారు. అది టాస్క్ మీది మామూలు ఈవెంట్. వరసలో అందరికంటే వెనక మీరే. వాచ్‌డాగ్ మొదటి మెట్టు. మెషీన్ మొత్తాన్ని చూసే మానిటరింగ్ ఏజెంట్ మొదటి మెట్టు గానీ మూడోది గానీ. వాళ్లందరూ తిన్నాక మిగిలింది మీది.

సరే నేను కూడా పిన్డ్ పెట్టేస్తాను అంటారా, పెట్టొచ్చు, ఈవెంట్ పేరు చివర కోలన్ పెట్టి పెద్ద డీ రాస్తే సరి. కానీ చోటు దొరక్కపోతే పిన్డ్ ఈవెంట్ ఎర్రర్ స్థితిలోకి పోతుంది, ఆ తర్వాత చదివితే ఏమీ రాదు. వంతుల్లో అయితే సగం లెక్క అయినా దొరుకుతుంది, పిన్డ్‌లో అదీ ఉండదు. తప్పు లెక్క కంటే లెక్క లేకపోవడమే నయం అనుకునేవాళ్లకి ఇది మంచి పద్ధతి, నేను ఆ పార్టీయే.

నా కౌంటర్లు ఎవరు పట్టుకున్నారో ఎలా తెలుసుకోవాలి?

యూజర్ స్పేస్ వాళ్లని పట్టుకోవడం తేలికే. పెర్ఫ్ ఈవెంట్ తెరిస్తే ఒక ఫైల్ డిస్క్రిప్టర్ వస్తుంది, దాని పేరు యానన్ ఐనోడ్, పెర్ఫ్ ఈవెంట్ అని ఉంటుంది. రూట్‌గా ఎల్‌ఎస్‌ఓఎఫ్ నడిపి ఆ పేరు కోసం గ్రెప్ చేస్తే ఏ ప్రాసెస్ ఎన్ని తెరిచిందో బయటపడుతుంది. వాచ్‌డాగ్, కేవీఎమ్ (లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే భాగం) లాంటివి కెర్నెల్ లోపలినుంచి తెరుస్తాయి కాబట్టి ఇక్కడ కనిపించవు.

ఈ చిట్కా నేను ఖర్చు పెట్టుకుని నేర్చుకున్నాను. ఒకసారి కొత్త బిల్డ్‌లో క్యాష్ మిస్సులు అమాంతం పెరిగినట్టు కనిపించాయి, రెండు రోజులు డేటా స్ట్రక్చర్ల అలైన్‌మెంట్ మీద పడి కొట్టుకున్నాం, టీమ్ అంతా టెన్షన్. తీరా చూస్తే ఆ వారమే కొత్తగా పెట్టిన ఒక ఏజెంట్ ప్రతి కోర్ మీదా కౌంటర్లు పట్టుకుని కూర్చుంది. మా శాతం వంద నుంచి ముప్పైకి పడిపోయింది, కానీ మా స్క్రిప్ట్ ఆ శాతం కాలమ్‌ని కోసి పారేస్తోంది. ఆ స్క్రిప్ట్ రాసింది నేనే.

ఏజెంట్‌కీ సైకిళ్లే కావాలి, నాకూ సైకిళ్లే కావాలి. ఒకే కౌంటర్‌ని ఇద్దరికీ చూపించడానికి కెర్నెల్‌కి ఏం రోగం?

అందరికీ వచ్చే సందేహమే, న్యాయమైనదే. ఒక కౌంటర్ నడుస్తూ ఉంటే మీరు వచ్చినప్పటి విలువ, వెళ్లేటప్పటి విలువ రాసుకుని తీసివేస్తే మీ లెక్క వచ్చేస్తుంది. ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది.

కష్టం వివరాల్లో ఉంది. మీరు యూజర్ మోడ్ సైకిళ్లే అడిగారు, ఏజెంట్ కెర్నెల్‌తో కలిపి అడిగింది, అప్పుడు అవి వేర్వేరు ఈవెంట్లు. మీరు ప్రతి 10 లక్షల సైకిళ్లకి ఒక శాంపిల్ (అప్పుడు ప్రోగ్రాం ఎక్కడుందో రాసుకోవడం) అడిగారు, అంటే కౌంటర్‌ని సరిగ్గా 10 లక్షలకి ఓవర్‌ఫ్లో అయ్యేలా పెట్టాలి, ఏజెంట్‌కి ఇంకో పీరియడ్ కావాలి. ఒక రిజిస్టర్‌లో రెండు పీరియడ్లు ఎలా పెడతారు? కాబట్టి శాంపిలింగ్ పంచుకోవడం దాదాపు కుదరదు, ఉత్త లెక్కింపు మాత్రమే పంచుకోవచ్చు. దానికీ ఎవరు యజమాని, యజమాని ముందే వెళ్లిపోతే మిగతావాళ్ల సంగతేంటి, గ్రూప్‌లో ఒక ఈవెంట్ మాత్రం పంచుకున్నదైతే మొత్తం గ్రూప్‌ని ఎలా ఎక్కించాలి, ఇవన్నీ షెడ్యూలింగ్ కోడ్‌లో, అదీ కాంటెక్స్ట్ స్విచ్ (ఒక టాస్క్ నుంచి ఇంకో టాస్క్‌కి మారడం) అనే అత్యంత వేడి దారిలో తేల్చాలి. అక్కడ ఒక్క ఇఫ్ చేర్చినా పెర్ఫ్ వాడనివాళ్లు కూడా రుసుము కట్టాలి.

ఫేస్‌బుక్‌లో పనిచేసిన సాంగ్ లియూ ఒకేలాంటి ఈవెంట్లు కౌంటర్ పంచుకునేలా కెర్నెల్ కోర్‌కే ప్యాచ్‌లు పంపారు, పలుమార్లు మార్చి మార్చి పంపారు. అవి లోపలికి రాలేదు. ఆయన తర్వాత అదే పనిని పక్క దారిలో చేశారు, దాని పేరు బీపెర్ఫ్, 2021లో పెర్ఫ్ టూల్‌లో చేరింది. పద్ధతి ఇలా ఉంటుంది. ఒక ఈవెంట్‌ని ప్రతి సీపీయూ మీదా ఒక్కసారే తెరుస్తారు. లీడర్ అనే ఒక బీపీఎఫ్ ప్రోగ్రాం (కెర్నెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) ప్రతి కాంటెక్స్ట్ స్విచ్‌లో ఆ కౌంటర్ చదివి, కిందటిసారికీ ఇప్పటికీ తేడా తీసిపెడుతుంది. ఎవరెవరికి లెక్క కావాలో వాళ్ల ఫాలోయర్ ప్రోగ్రాంలు ఆ లీడర్‌కి తగులుకుని, తమ టాస్క్‌కి చెందిన తేడాని తమ మ్యాప్‌లో కలుపుకుంటాయి. ఒక బావి, పది బొక్కెనలు. లీడర్ ఎక్కడుందో కొత్తగా వచ్చేవాళ్లకి తెలియాలి కదా, అందుకని బీపీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌లో ఒక మ్యాప్‌ని పిన్ చేసి పెడతారు, వచ్చినవాళ్లు అందులో తమకి కావాల్సిన ఈవెంట్ ఉందా అని చూసుకుంటారు.

వాడాలంటే పెర్ఫ్ స్టాట్‌కి బీపీఎఫ్ కౌంటర్స్ ఆప్షన్ ఇవ్వాలి, లేదా ఒక్క ఈవెంట్‌కే కావాలంటే పేరు చివర కోలన్ పెట్టి చిన్న బీ. పర్మిషన్లు రూట్ స్థాయిలో కావాలి. ఇది కెర్నెల్ పంపకం కాదు, అందరూ అదే టూల్‌తో మర్యాదగా ఒప్పుకుని పంచుకోవడం. ఏజెంట్ పాత పద్ధతిలోనే సిస్టమ్ కాల్‌తో తెరిస్తే దాని కౌంటర్ దానిదే. పెద్ద సర్వర్ గుంపుల్లో అన్ని టూల్సూ ఒకరి చేతిలో ఉంటాయి కాబట్టి అక్కడ బాగా పనికొస్తుంది, మన ఒక్క మెషీన్‌కి పెద్దగా ఒరిగేదేం లేదు.

ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి మారేటప్పుడు లెక్క కలిసిపోదా?

పోదు. దిగిపోయే టాస్క్ ఈవెంట్లని ఆపి, రిజిస్టర్ చదివి, తేడాని మెమరీలో ఉన్న 64 బిట్ల లెక్కకి కలిపి, ఎక్కబోయే టాస్క్ ఈవెంట్లని రిజిస్టర్లలో రాస్తారు. ఈ రాయడం చదవడం ఊరికే రాదు, ఎమ్‌ఎస్‌ఆర్ (చిప్ సెట్టింగ్ రిజిస్టర్) రాతలు నెమ్మది. అందుకని ఒక చిన్న తెలివి పెట్టారు. ఒకే ప్రోగ్రాం త్రెడ్లు తల్లి నుంచి వారసత్వంగా ఒకే ఈవెంట్ల సెట్ తెచ్చుకుంటాయి కదా, అలాంటి రెండు త్రెడ్ల మధ్య మారేటప్పుడు హార్డ్‌వేర్‌ని ముట్టుకోకుండా రెండింటి కాంటెక్స్టులనీ అటూ ఇటూ మార్చేస్తారు.

రిజిస్టర్ నిండిపోతుందేమో అని కొందరు అడుగుతారు. ఇంటెల్‌లో 48 బిట్లు, 3 గిగాహెర్ట్జ్ దగ్గర సైకిళ్లు నిండటానికి దాదాపు 26 గంటలు. ఎలాగూ కెర్నెల్ ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్ పట్టుకుంటుంది, మీరు పట్టించుకోనక్కర్లేదు.

హైపర్ త్రెడింగ్‌లో పక్క త్రెడ్ నా లెక్క చెడగొడుతుందా?

మామూలుగా లేదు, ఎవరి కౌంటర్లు వాళ్లవే. కానీ రెండు చోట్ల జాగ్రత్త.

మొదటిది, శాండీబ్రిడ్జ్, ఐవీబ్రిడ్జ్, హాస్వెల్‌లలో నిజంగా ఒక చిప్ తప్పు ఉంది. కొన్ని మెమరీ ఈవెంట్లని ఒక త్రెడ్‌లో లెక్కపెడుతుంటే పక్క త్రెడ్‌లో అదే నంబర్ కౌంటర్‌లోకి ఆ లెక్క కారిపోయేది. 2015లో వచ్చిన 4.1 కెర్నెల్‌లో దీనికి అడ్డుకట్ట వేశారు. ఒక త్రెడ్ అలాంటి ఈవెంట్‌ని ఏ నంబర్ కౌంటర్‌లో పెడితే పక్క త్రెడ్‌లో ఆ నంబర్‌ని తాళం వేసేస్తారు. మరి ఒకడే నాలుగూ పట్టుకుంటే రెండోవాడు పస్తుండాలి కదా, అందుకని అలాంటప్పుడు ఒక్కో త్రెడ్‌కి సగమే అని హద్దు పెట్టారు. పాత మెషీన్ బూట్ లాగ్‌లో బీజే122, బీవీ98, హెచ్‌ఎస్‌డీ29 అనే ఇంటెల్ తప్పుల జాబితా నంబర్లు కనిపిస్తే ఇదే.

రెండోది ఆఫ్‌కోర్ రెస్పాన్స్ ఈవెంట్లు (కోర్ బయటికి వెళ్లిన మెమరీ అడుగులకి వచ్చే జవాబులు లెక్కపెట్టేవి). వీటికి కౌంటర్‌తో పాటు ఇంకో సెట్టింగ్ రిజిస్టర్ కావాలి, అది రెండు త్రెడ్లకీ కలిపి ఉంటుంది. ఇక్కడ మాత్రం కెర్నెల్ నిజమైన పంపకం చేస్తుంది. ఇద్దరూ ఒకే విలువ అడిగితే రిఫరెన్స్ లెక్క పెంచి ఇద్దరికీ ఇస్తుంది, వేరే విలువ అడిగితే వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. పైన ఏజెంట్ ప్రశ్నలో కుదరదన్న పని ఈ మూలలో చక్కగా జరుగుతోంది, ఎందుకంటే ఇక్కడ పంచుకునేది లెక్క కాదు, సెట్టింగ్.

వర్చువల్ మెషీన్ లోపల వచ్చిన అంకెలు నిజమేనా?

కేవీఎమ్‌లో మామూలుగా గెస్ట్ (లోపలి వర్చువల్ మెషీన్) ఒక కౌంటర్ ఆన్ చేస్తే, హోస్ట్ (దాన్ని నడిపే అసలు మెషీన్) దాని తరఫున ఒక పెర్ఫ్ ఈవెంట్ తెరుస్తుంది, అదీ టాస్క్ పిన్డ్‌గా. నాలుగు మెట్లలో రెండోది. హోస్ట్‌లో ఎవరైనా సీపీయూ పిన్డ్ వాళ్లు ఆ చోటు తీసేసుకుంటే గెస్ట్ ఈవెంట్ ఎర్రర్‌లోకి పోతుంది, లెక్క ఆగిపోతుంది, కానీ ఆ సంగతి గెస్ట్‌కి ఎవరూ చెప్పరు. గెస్ట్ లోపల పెర్ఫ్ వంద శాతం అని చూపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే తన వైపు నుంచి కౌంటర్ ఆన్‌లోనే ఉంది. బ్రాకెట్లో శాతం అబద్ధం చెప్పే చోటు ఇదొక్కటే నాకు తెలిసి. వర్చువల్ మెషీన్‌లో అంకె తేడాగా ఉంటే, వీలైతే హోస్ట్ మీద కొలిచి చూడండి.

కంటెయినర్‌లో పర్మిషన్ లేదంటోంది.

రెండు తాళాలున్నాయి. ఒకటి పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ సెట్టింగ్, కెర్నెల్ 4.6 నుంచి మామూలు విలువ 2, అంటే మామూలు యూజర్ తన ప్రాసెస్‌ని యూజర్ మోడ్‌లో మాత్రమే కొలుచుకోవచ్చు. డెబియన్, ఉబుంటు వాళ్లు సొంత ప్యాచ్‌తో ఇంకా బిగించారు. రెండోది డాకర్ మామూలు సెక్‌కాంప్ ప్రొఫైల్ (ఏ సిస్టమ్ కాల్స్ ఒప్పుకోవాలో చెప్పే జాబితా), అది పెర్ఫ్ ఈవెంట్ తెరిచే సిస్టమ్ కాల్‌నే ఆపేస్తుంది. మొత్తం అడ్మిన్ హక్కులు ఇవ్వకుండా 5.8లో వచ్చిన క్యాప్ పెర్ఫ్‌మన్ ఒక్కటి ఇస్తే చాలు. ఇంత కట్టుదిట్టం దేనికంటే, పక్కవాడి క్యాష్ మిస్సులు చూసి వాడి రహస్యాలు ఊహించే దాడులు నిజంగా ఉన్నాయి.

సిస్టమ్ కాల్ లేకుండా కౌంటర్ నేరుగా చదవొచ్చా?

ఎక్స్86లో ఆర్‌డీపీఎమ్‌సీ ఇన్‌స్ట్రక్షన్‌తో చదవొచ్చు. ఈవెంట్ తెరిచి, దాని పేజీని ఎమ్‌మ్యాప్ చేస్తే, మీ ఈవెంట్ ఈ క్షణంలో ఏ నంబర్ కౌంటర్ మీద ఉందో కెర్నెల్ అందులో రాస్తుంది. అక్కడ సున్నా ఉంటే మీ వంతు ఇప్పుడు లేదని అర్థం, హార్డ్‌వేర్ చదవకూడదు. చదివే ముందూ తర్వాతా సీక్వెన్స్ నంబర్ ఒకటేనా అని చూసుకోవాలి, మధ్యలో మిమ్మల్ని దింపి ఇంకొకరిని ఎక్కించి ఉండొచ్చు. ఈ చెక్ మానేసినవాళ్లు ఇంకెవరి అంకెనో తమదనుకుని పేపర్ రాసే ప్రమాదం ఉంది. ఆర్మ్ 64లో ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, 5.17 నుంచి ఒక సిస్‌కంట్రోల్‌తో ఆన్ చేసుకోవచ్చు.

మిగతా ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏం చేస్తాయి?

సోలారిస్ పద్ధతి మొరటు. అక్కడ సీపీయూస్టాట్ నడిపితే మెషీన్ మొత్తంలో అప్పటిదాకా ఉన్న కౌంటర్ కాంటెక్స్టులన్నీ బలవంతంగా రద్దయిపోతాయి, పక్కన ఎవరైనా సీపీయూట్రాక్‌తో తమ ప్రోగ్రాం కొలుచుకుంటుంటే అది మధ్యలోనే ఆగిపోవచ్చు. మ్యాన్ పేజీలోనే ఆ హెచ్చరిక ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీలో హెచ్‌డబ్ల్యూపీఎమ్‌సీ అనే డ్రైవర్ కౌంటర్లని ప్రాసెస్‌వి, సిస్టమ్‌వి అని విడదీస్తుంది, లైనక్స్‌లా వంతులు వేయదు, ఖాళీ లేకపోతే లేదని ముఖం మీదే చెబుతుంది.

లైనక్స్‌లో కూడా మొదటినుంచీ ఇంత సౌకర్యం లేదు. ఓప్రొఫైల్ అనే పాత టూల్ రోజుల్లో మెషీన్ మొత్తానికి ఒక్కరే వాడుకునేవారు. మికాయెల్ పెటర్సన్ పెర్ఫ్‌సీటీఆర్, స్టెఫాన్ ఎరానియన్ పెర్ఫ్‌మన్2 కెర్నెల్ బయట ప్యాచ్‌లుగానే ఏళ్ల తరబడి తిరిగాయి. 2008 డిసెంబర్‌లో థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ కొత్త డిజైన్ పోస్ట్ చేస్తే, 2009లో 2.6.31తో అది లోపలికి వచ్చేసింది. కౌంటర్‌ని హార్డ్‌వేర్ రిజిస్టర్‌గా కాకుండా ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌గా చూపించి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కెర్నెలే చూసుకుంటుంది అన్నది అందులో అసలు మార్పు. రిజిస్టర్ల మీద అదుపు పోతుందని అప్పట్లో గట్టి వాదనలే జరిగాయి. ఓప్రొఫైల్ కెర్నెల్ డ్రైవర్‌ని 2021లో తీసేశారు.

మా ల్యాప్‌టాప్‌లో ఒకే ఈవెంట్ రెండు లైన్లుగా వస్తోంది, ఇది కూడా పంపకమేనా?

కాదు. ఆల్డర్‌లేక్ గానీ ఆ తర్వాతి ఇంటెల్ హైబ్రిడ్ చిప్ గానీ అయి ఉంటుంది, పెద్ద కోర్లకి ఒక పీఎమ్‌యూ, చిన్న కోర్లకి ఇంకొకటి. మీ ప్రోగ్రాం రెండింటి మధ్యా తిరిగితే రెండు లైన్లు వస్తాయి, రెండింట్లోనూ శాతం వందకి తక్కువే ఉంటుంది. ఇక్కడ శాతం తక్కువైంది కౌంటర్ దొరక్క కాదు, ఆ సమయంలో ప్రోగ్రాం ఆ రకం కోర్ మీద లేదు కాబట్టి. పెర్ఫ్ మాత్రం అలవాటు ప్రకారం దీన్ని కూడా పెంచి చూపిస్తుంది, కాబట్టి రెండు లైన్లూ కూడితే అసలు కంటే ఎక్కువ వస్తుంది. టాస్క్‌సెట్‌తో ప్రోగ్రాంని ఒక రకం కోర్లకే కట్టేసి కొలవండి.